ఫిరంగిని కార్యక్రమ పట్టికకు కట్టేయకండి

ఉత్సవాల్లో, సంస్మరణ సభల్లో, ఊరేగింపుల్లో పాతకాలపు తుపాకులను, ఫిరంగులను పేల్పించే నిర్వాహక సంఘాల పెద్దలకు, వాటి పక్కన నిలబడి పేల్చే బృందాలకు, అందుకు అనుమతులిచ్చే అధికారులకు నమస్కారం.

పేలుళ్ళు ఆపేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ సంగతి ముందే చెప్పేయాలి. భద్రత అన్న మాట చెవిన పడగానే మీలో కొందరు ‘ఇది మా తాతల నాటి ఆచారం’ అని తలుపు మూసేస్తారు. అధికారుల్లో కొందరు ‘అయితే మొత్తం నిషేధిస్తే పోలా’ అని కలం తీస్తారు. ఆలోచించే శ్రమ తప్పించుకోవడానికి రెండూ మంచి దారులే. మూతిలోంచి మందు దట్టించి పేల్చే ఆయుధమంటే నాకు చాలా ఇష్టం. ఆ గొట్టం పోతలోని పనితనం, పేలిన క్షణాన ఛాతీకి తగిలే దెబ్బ, గాలికి మెల్లగా కదిలిపోయే తెల్లటి పొగ, ఇవి చూడటానికి ఎంత దూరమైనా వెళ్ళే మనుషుల్లో నేనూ ఒకణ్ణి. అంత ఇష్టం ఉంది కాబట్టే, ఆ గొట్టం పక్కన నిలబడేవాళ్ళ చేతులు, కళ్ళు, చెవులు వేడుక అయ్యాక కూడా వాళ్ళకు మిగలాలని కోరుతున్నాను.

నా అభ్యర్థన ఒక్కటే. పేల్చాలా వద్దా, ఎప్పుడు పేల్చాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయాన్ని వేదిక మీది నుంచి దించి, గొట్టం దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో పెట్టండి. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ కాదు. ఇన్ని నిమిషాలకు ఇన్ని పేలుళ్ళు, వాద్యం ఆగగానే మొదటిది, ముఖ్య అతిథి లేవగానే రెండోది, ప్రసంగం ముగియగానే మిగిలినవన్నీ వరసగా అని మీరు రాసుకునే పట్టిక ఉంది చూడండి, అసలు ప్రమాదం చాలావరకు అందులోనే ఉంది. మందుకు వాద్యం సంగతి తెలియదు, అతిథి సంగతి అంతకన్నా తెలియదు.

ఈ విషయం ఎత్తగానే వచ్చే మొదటి జవాబు: ‘అందులో గుండు ఉండదు కదండీ, ఉత్త చప్పుడే కదా!’ గుండు లేకపోతే దూరాన ఉన్నవాడికి ప్రమాదం తగ్గుతుంది, నిజమే. దగ్గరున్నవాడికి తగ్గేది చాలా తక్కువ. మూతిలోంచి వచ్చే మంట, కాలీకాలని రేణువులు, మందు కదలకుండా అడ్డుపెట్టిన కాగితం, గుడ్డ, పీచు, ఇవన్నీ తొలి కొన్ని అడుగుల్లో గుండులాగే దూసుకుపోతాయి. 1613 జూన్ 29న లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో, నాటకంలో రాజుగారు ప్రవేశించే ఘట్టానికి గౌరవసూచకంగా చిన్న ఫిరంగులు పేల్చారు. గుండు లేదు. మూతికి దట్టించిన కాగితమో మరొకటో మండుతూ ఎగిరి పైకప్పు గడ్డి మీద పడింది. ప్రేక్షకులు నాటకం చూడటంలో మునిగి ఆ పొగను పట్టించుకోలేదు. కాసేపటికి నాటకశాల మొత్తం నేలకు కాలిపోయింది. ప్రాణనష్టం జరగలేదు. ఒకాయన లాగుకు నిప్పంటుకుంటే సీసాలోని బీరు పోసి ఆర్పారట. నాలుగు వందల ఏళ్ళుగా జనం నవ్వుకుంటూ చెప్పుకొనే కథ ఇది. నిజానికి ఆ రోజు అదృష్టం బాగుండి నవ్వులాటగా మిగిలింది.

అయితే ప్రేక్షకుల కన్నా ముందు దెబ్బ తినేవాడు దట్టించేవాడే. కారణం అర్థం కావాలంటే తుపాకిమందు ఎలా కాలుతుందో కాస్త చూడాలి. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. రమారమి ఇదే శతాబ్దాలుగా వస్తున్న మేళవింపు. ఇది కాలినప్పుడు అంతా వాయువుగా మారిపోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. మనం ముచ్చటపడి చూసే ఆ పొగలో ఉన్నది అదే. అందులో కొంత గొట్టం గోడలకు మసిగా అంటుకుంటుంది. మందు సంచీ తాలూకు గుడ్డముక్కో రేకుముక్కో అడుగున మిగిలి, ఎర్రగా రగులుతూ ఉండవచ్చు. బయటి నుంచి కనిపించదు, పొగ కూడా రాకపోవచ్చు. ఇప్పుడు రెండో పేలుడుకు తయారీ మొదలవుతుంది. వెనక నుంచి మందు పెట్టే తుపాకీలో పేల్చేవాడు మూతికి వెనకే ఉంటాడు. మూతిలోంచి దట్టించే ఆయుధంలో మాత్రం మనిషి మూతి ముందుకు రాక తప్పదు. మందు సంచీని తన చేతులతో లోపలికి పెట్టి, కర్రతో తోస్తాడు. అడుగున ఆ నిప్పురవ్వ ఉంటే, మందు దాన్ని తాకిన క్షణంలో మనిషి చేతులు ఎక్కడ ఉంటాయో వేరే చెప్పాలా?

అమెరికా అంతర్యుద్ధం మొదలైన తీరు చదివినవాళ్ళకు సమ్టర్ కోట పేరు తెలుసు. 1861 ఏప్రిల్‌లో ఆ కోట మీద సుమారు 34 గంటల పాటు ఫిరంగుల వర్షం కురిసింది. కోటలోవాళ్ళూ ఎదురు పేల్చారు. ఆ పోరాటంలో రెండు పక్షాల్లోనూ ఒక్క సైనికుడు చనిపోలేదు. కోటను అప్పగించేటప్పుడు తమ జెండాకు 100 ఫిరంగుల వందనం చేసి దించుకుంటామని మేజర్ రాబర్ట్ ఆండర్సన్ కోరాడు, ఎదుటివాళ్ళు ఒప్పుకున్నారు. ఏప్రిల్ 14న వందనం మొదలైంది. 47వ పేలుడు దగ్గర, దట్టిస్తుండగానే మందు అంటుకుంది. డేనియల్ హఫ్ అనే సైనికుడి కుడిచెయ్యి తెగిపోయి, కాసేపట్లోనే ప్రాణం పోయింది. రవ్వలు ఎగిరి పక్కన పేర్చిన మందు సంచుల మీద పడటంతో అవీ పేలాయి. గాయపడినవారిలో మరొకరు కొద్ది రోజులకు చనిపోయారు. వందనాన్ని 50 దగ్గర ఆపేశారు. శత్రువు గుండ్లకు చావని మనుషులు మర్యాద కోసం చేసిన పేలుళ్ళకు చచ్చిపోయారు. ఆ యుద్ధంలో తొలి సైనిక మరణంగా చరిత్ర రాసుకున్నది దీన్నే.

ఆ 100 అన్న అంకెను ఒకసారి తలచుకోండి. అలసిపోయిన మనుషులు, వేడెక్కిన గొట్టాలు, పూర్తి చేయాల్సిన లెక్క. మీ వేడుకలో అంకె ఇరవై ఒకటి కావచ్చు, పదకొండు కావచ్చు, మూడే కావచ్చు. అంకె ఏదైనా, దానికొక పవిత్రత అంటగడితే మధ్యలో ఆపడం పరువు తక్కువ అవుతుంది. ఆపలేకపోతే తొందర వస్తుంది. తొందరలో ముందుగా ఎగిరిపోయేది తడి తుడుపు. ప్రతి పేలుడు తరవాతా ముందు మరచుట్టు కొక్కెంతో లోపలి ముక్కలు లాగేయాలి, తరవాత తడి గుడ్డ చుట్టిన కర్రను అడుగుదాకా దించి తిప్పాలి, ఆపైన పొడి గుడ్డతో తుడవాలి, కాస్త ఆగాలి. ఇంత పని జరుగుతుంటే జనానికి విసుగు, వేదిక మీదివాళ్ళకు ఇబ్బంది, మైకు పట్టుకున్నాయనకు చెప్పడానికి మాటలుండవు. ‘ఏమిటి ఆలస్యం?’ అని ఒక చూపు చాలు. దట్టించే కుర్రవాడు తడి తుడుపు మానేసి మందు సంచీ అందుకుంటాడు. చాలాసార్లు ఏమీ కాదు. అదే వచ్చిన చిక్కు. ఏమీ కాకపోవడం వల్ల ఆ అడుగు అక్కర్లేదని నమ్మకం కుదురుతుంది.

ఆచారం అని గట్టిగా వాదించే పెద్దలతో ఒక మాట. మీరు చెప్పే ఆ పాతకాలంలో ఫిరంగి దగ్గర క్రమశిక్షణ ఎలా ఉండేదో తెలుసుకోండి. అడుగడుగునా ఒక్కొక్కరికి ఒక్కొక్క పని, ఒక్కొక్క కేక. ఒకడు తుడుస్తుంటే, దట్టిస్తుంటే, మరొకడు మందపాటి తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో రంజకపు బెజ్జాన్ని, అంటే లోపలి మందుకు నిప్పు అందించే చిన్న రంధ్రాన్ని, మూసిపట్టుకొని కదలకుండా నిలబడాలి. ఆ బెజ్జంలోంచి గాలి ఆడితే అడుగున ఉన్న రవ్వ రాజుకుంటుందని. దట్టించేవాడు మూతికి ఎదురుగా కాక పక్కకు నిలబడాలి. కర్రను పిడికిలితో చుట్టి పట్టుకోకూడదు, బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి. మందు అంటుకుంటే కర్ర చేతిని తీసుకుపోకుండా జారిపోవాలని. ఇవన్నీ నేటి భద్రతాధికారులు కాగితం మీద కల్పించిన నియమాలు కావు. చేతులు పోగొట్టుకున్న సైన్యాలు రెండు మూడు వందల ఏళ్ళ కిందట రాసుకున్న కవాతు పుస్తకాల్లోవి. అంటే ఆచారమంటే ఇదే. మనం చేసిందేమిటంటే, ఆచారంలో చప్పుడును ఉంచుకొని చేతులు కాపాడే భాగాన్ని వదిలేశాం. పాత దుస్తులు కుట్టించుకోవడంలో, తలపాగా రంగు సరిగ్గా ఉందా లేదా అని తగాదా పడటంలో చూపించే పట్టుదల బొటనవేలి తోలు తొడుగు మీద చూపించిన బృందాలు నాకు తక్కువగా కనిపించాయి.

ఇక వేదిక మీది పెద్దల సంగతి. 1844 ఫిబ్రవరి 28న అమెరికా నౌకాదళపు కొత్త ఓడ ప్రిన్స్‌టన్ పోటోమాక్ నదిలో అతిథులతో విహారానికి బయలుదేరింది. అధ్యక్షుడు జాన్ టైలర్, మంత్రులు, వాళ్ళ కుటుంబాలు, వందలాది మంది ఉన్నారు. ఓడ మీద ‘శాంతిదూత’ అని అర్థమొచ్చే పేరు పెట్టిన భారీ ఫిరంగి ఉంది. దాని పొగరుకు తగిన పేరే! ఆ రోజు దాన్ని పేల్చి చూపించారు, అందరూ మెచ్చుకున్నారు, విందు మొదలైంది. అంతలో మరొక్కసారి పేల్చమన్న కోరిక వచ్చింది. ఓడ కెప్టెన్ రాబర్ట్ స్టాక్‌టన్ మొదట ఇక చాలన్నాడు. అడిగింది నౌకాదళ మంత్రి థామస్ గిల్మర్ అని తెలిశాక కాదనలేకపోయాడు. ఆ చివరి పేలుడుకు గొట్టం వెనక భాగం చీలి ముక్కలు జనం మీదికి ఎగిరాయి. విదేశాంగ మంత్రి ఏబెల్ అప్షర్, అడిగిన గిల్మర్, అధ్యక్షుడి దగ్గర బానిసగా ఉన్న ఒక సేవకుడు సహా ఆరుగురు చనిపోయారు. స్టాక్‌టన్ కూడా గాయపడ్డాడు. అధ్యక్షుడు కింది అంతస్తులో ఉండటం వల్ల బతికిపోయాడు.

ఆ ఫిరంగి ఇనుము నాణ్యత, అతుకుల లోపం గురించి తరవాత నిపుణులు చాలా రాశారు. అవన్నీ నిజమే. నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం మధ్యలోని ఆ చిన్న ఘట్టం. తెలిసినవాడు ‘చాలు’ అన్నాడు. పై అధికారి ‘మరొక్కటి’ అన్నాడు. తెలిసినవాడు మాట మార్చుకున్నాడు. ఇది మీ వేడుకల్లో ఏటా జరుగుతోంది. మైకులో ‘మన ముఖ్య అతిథిగారి కోరిక మేరకు మరొక్కసారి!’ అన్న ప్రకటన వచ్చాక, అక్కడ మందు మిగల్లేదనో గొట్టం వేడెక్కిందనో బృంద నాయకుడు చెప్పగలడా? చెబితే వచ్చే ఏడాది అతణ్ణి పిలుస్తారా? ఆ మనిషి కూలి, గౌరవం, ఊరిలో పేరు అన్నీ మీ చేతుల్లో పెట్టుకొని, భద్రత బాధ్యత మాత్రం అతడిదే అంటే కుదరదు.

కాబట్టి స్పష్టంగా అడుగుతున్నాను. ఆపే అధికారం బృంద నాయకుడిదని, ఆపినందుకు కారణం చెప్పనక్కర్లేదని, ఆపినా మొత్తం పారితోషికం ఇస్తామని ముందుగానే రాతలో ఇవ్వండి. ఆ సంగతి అతిథులకూ ముందే చెప్పండి. ముఖ్యంగా మైకు దగ్గర ఉండేవారికి చెప్పండి. వాళ్ళ నోటి నుంచి పేలుళ్ళ సంఖ్య ఎన్నడూ ముందుగా రాకూడదు. సంఖ్య ప్రకటించకపోతే, తగ్గినా ఎవరికీ తెలియదు. ఖచ్చితమైన సంఖ్య కావాలంటే ఒకే ఫిరంగితో అవస్థ పడకుండా రెండో మూడో పెట్టుకొని వంతులవారీగా పేల్చండి. ఒకటి పేలుతుంటే రెండోది చల్లారుతుంది, తుడవడానికి తీరిక దొరుకుతుంది. చూసేవాళ్ళకు జోరు తగ్గదు. ఖర్చు పెరుగుతుందంటారా, అయితే సంఖ్య తగ్గించండి.

ఫిరంగుల తరవాత వరసగా నిలబడి ఒకేసారి పేల్చే చేతి తుపాకుల గురించి. చూడటానికి ఇవి తక్కువ ప్రమాదంగా కనిపిస్తాయి గానీ వీటికొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇరవై తుపాకులు ఒకేసారి పేలినప్పుడు అందులో ఒకటి పేలకపోతే ఎవరికి తెలుస్తుంది? పక్కవాడికి తెలియదు, ఆజ్ఞ ఇచ్చేవాడికి తెలియదు, ఒక్కోసారి తుపాకీ పట్టుకున్నవాడికే తెలియదు. రంజకం, అంటే బయట నిప్పంటించే చిటికెడు మందు, భగ్గుమంటుంది, పొగ వస్తుంది, చుట్టూ హోరు, తనదీ పేలిందనుకుంటాడు. లోపలి మందు అలాగే ఉంటుంది. తరవాతి ఆజ్ఞకు దాని మీదే ఇంకోసారి దట్టిస్తాడు. 1863 గెటిస్‌బర్గ్ యుద్ధం తరవాత మైదానంలో ఏరిన 27,000 పైచిలుకు తుపాకుల్లో దాదాపు 24,000 దట్టించి ఉన్నవేనని, వాటిలో సగం వాటిలో రెండేసి మందులు, కొన్ని వేల వాటిలో మూడు నుంచి పది దాకా ఉన్నాయని లెక్కలు చెబుతాయి. వాళ్ళు శిక్షణ పొందిన సైనికులు. మన వరసలో నిలబడేవాళ్ళు ఏడాదికొకసారి తుపాకీ ముట్టేవాళ్ళు. రెండు మందులు ఒకేసారి అంటుకున్నప్పుడు గొట్టం తట్టుకుంటే భుజానికి దెబ్బతో పోతుంది. తట్టుకోకపోతే ఎడమ చెయ్యి సరిగ్గా ఆ గొట్టం కిందే ఉంటుంది.

దీనికి విరుగుడు చాలా సులువు. ఖాళీ గొట్టంలో కడ్డీ దించితే ఎంతవరకు దిగుతుందో అక్కడొక గీత పెట్టుకోండి. వరస పేలాక, మళ్ళీ దట్టించే ముందు అందరూ కడ్డీ దించి గీత చూపించాలి. గీత మూతికి పైనే ఆగిపోతే లోపల ఏదో ఉంది. ఆ తుపాకీ వరసలోంచి బయటికి రావాలి, మూతి ఖాళీ జాగా వైపే ఉంచి. ఆలస్యంగా పేలే మందులుంటాయి, అందుకే పేలలేదని తెలిసిన వెంటనే మూతిలోకి తొంగిచూడటం, నేలకు తట్టడం, పక్కవాడికి చూపించడానికి తిప్పడం కూడదు. తనిఖీ అయ్యాక ఆ కడ్డీలన్నీ సేకరించి పక్కన పెట్టండి. గుండు లేని పేలుడుకు కడ్డీతో గట్టిగా దట్టించాల్సిన పనే లేదు. మరచిపోయి గొట్టంలో వదిలేసిన కడ్డీకి మించిన బాణం ఉండదు.

చప్పుడు పిచ్చి గురించి కూడా మాట్లాడక తప్పదు. ‘కిందటేడు పేలుడు పేలవంగా ఉంది’ అన్న విమర్శ ఒక్కటి చాలు, ఈ ఏడు మందు పెరుగుతుంది, దాని మీద తడి కాగితం, మట్టి, పీచు, ఏది దొరికితే అది బిగించడం మొదలవుతుంది. బిగింపు పెరిగితే గొట్టం లోపలి ఒత్తిడీ పెరుగుతుంది. ఆ గొట్టం చేసినవాడు ఈ పోటీని ఊహించి చేయలేదు. ఇంతకంటే ఘోరమైనది మందును మార్చడం. బాణసంచాలో మోతకు వాడే మెరుపు మందు తుపాకిమందు కాదు. ఆధునిక తూటాల్లోని పొగరాని మందూ కాదు. వీటిని పాతకాలపు గొట్టంలో పోసినవాడు తుపాకీ పేల్చడం లేదు, బాంబు చేస్తున్నాడు. ఆకారంలో పొడి పొడిగానే ఉంటుంది, రంగూ కాస్త అటూ ఇటూ. అసలు తుపాకిమందులో కూడా రేణువు పరిమాణం లెక్కలోకి వస్తుంది. చేతి తుపాకీకి పనికొచ్చే సన్న రవ్వను ఫిరంగిలో పోస్తే అది చాలా వేగంగా కాలి ఒత్తిడిని ఒక్కసారిగా పెంచేస్తుంది. సీసా మీద పేరు లేని మందును, ఎవరో తెలిసినవాళ్ళు ఇంట్లో కలిపి ఇచ్చిన మందును దయచేసి వేడుక దగ్గరికి రానీయకండి. చేతివాటం గురించి గర్వపడే సందర్భం కాదిది.

గొట్టం విషయానికొస్తే, పాతదైనంత మాత్రాన గట్టిది కాదు. స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ 1460 ఆగస్టు 3న రాక్స్‌బర్గ్ కోట ముట్టడిలో తన సొంత ఫిరంగి పక్కన నిలబడి ఉండగా అది పగిలి ముక్క తగిలి చనిపోయాడు. రాణి రాకకు గౌరవంగా పేల్చినప్పుడే అలా జరిగిందని చెప్పేవారూ ఉన్నారు. కంచుకు ఒక మంచి గుణముంది, పగిలే ముందు కొంత ఉబ్బి హెచ్చరిస్తుంది. పోత ఇనుము అలా చెప్పదు. వందల ఏళ్ళు వానకు, ఉప్పుగాలికి ఉన్న ఇనుప గొట్టం పైకి రంగు వేస్తే కొత్తదిలా మెరుస్తుంది, లోపలి గోడను తుప్పు ఎంత తినేసిందో రంగు చెప్పదు. కోటల ముందు, కూడళ్ళలో అలంకారంగా పెట్టిన ఫిరంగిని తెచ్చి ‘ఈసారి దీన్నే పేలుద్దాం’ అనే ఉత్సాహవంతుల్ని గట్టిగా ఆపండి. నీళ్ళ పైపుకు ఒక కొసన మూత అతికించి తయారుచేసిన ఫిరంగుల గురించి ఏమీ అనను, అవి చేసినవాళ్ళకే సిగ్గుండాలి.

అలంకారపు ఫిరంగుల గురించి ఇంకొక ముచ్చట. 2013 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కువాళ్ళు తమ దగ్గరున్న పద్దెనిమిదో శతాబ్దపు ఫిరంగిని శుభ్రం చేయబోతే లోపల గుండు, అడ్డు గుడ్డ, 800 గ్రాములకు దగ్గరగా తుపాకిమందు బయటపడ్డాయి. అది ఎన్నో ఏళ్ళు జనం మధ్యనే ఉంది. పోలీసులు వచ్చి మందు తీసుకుపోయారు. అందుకే పాత ఆయుధం ఏది ముట్టుకున్నా, అది దట్టించి ఉందనే అనుకోవాలి.

మందు పెట్టె సంగతి మీకు తెలియనిది కాదు గనక క్లుప్తంగా. మూత ఎప్పుడూ మూసే ఉండాలి, ఫిరంగికి వెనక, గాలి వచ్చే వైపు, దూరంగా ఉండాలి, దానికొక మనిషి ఉండాలి, ఆ మనిషికి వేరే పని ఉండకూడదు. సమ్టర్ కోటలో రెండో ప్రాణం తీసింది పక్కన పేర్చిన సంచులే. కొమ్ములోంచో డబ్బాలోంచో నేరుగా గొట్టంలోకి మందు పోయకూడదు. లోపల రవ్వ ఉంటే మంట ఆ ధార వెంట చేతిలోని డబ్బాలోకి ఎక్కుతుంది. ముందే కొలిచి కట్టిన పొట్లాలే వాడాలి. దగ్గర్లో కాగడాలు, దీపాలు, సిగరెట్లు ఉండకూడదు. తాగి వచ్చినవాడు ఎంత అనుభవజ్ఞుడైనా ఆ రోజుకు ప్రేక్షకుడే.

చెవుల గురించి మాట్లాడితే బృందాల్లో నవ్వుతారు, మగతనం తక్కువన్నట్టు. హఠాత్తుగా వచ్చే శబ్దానికి పెద్దల చెవులు భరించగల హద్దుగా చెప్పే గరిష్ఠ స్థాయి 140 డెసిబెళ్ళు, పిల్లలకైతే 120. పక్కనే పేలిన తుపాకీ ఆ పెద్దల హద్దును సులువుగా దాటుతుంది. లోపలి చెవిలో చచ్చిపోయిన సన్నని కణాలు తిరిగి పుట్టవు. రాత్రి పడుకున్నాక చెవిలో కూత వినిపించే పాత బృంద సభ్యులు మీ మధ్యే ఉన్నారు, అడిగి చూడండి. నిజం చెబుతారో లేదో తెలియదు గానీ రెండుసార్లు అడగాల్సి వస్తుంది, మొదటిసారి వినపడదు. చెవి బిరడాలు చవకైన వస్తువులు. పిల్లల్ని తండ్రి భుజాల మీద ఎక్కించుకొని తాడుకు ఆనుకొని నిలబడే ఆ మొదటి వరసను ఎంత వెనక్కి జరిపితే అంత మంచిది. మూతి ఎదుట మాత్రం ఎంత దూరమైనా మనిషి ఉండకూడదు. ఫోటోలు తీసేవాళ్ళు కూడా మనుషులే.

అనుమతులిచ్చే అధికారులారా, మీ దస్త్రంలో సంఘం పేరు, తేదీ, స్థలం, ఊరేగింపు దారి ఉంటాయి. గొట్టం గురించి ఏమైనా ఉందా? జర్మనీలో వేడుకలకు పేల్చే ఇలాంటి చేతి ఫిరంగులకు ప్రభుత్వ పరీక్షాకేంద్రంలో పరీక్ష తప్పనిసరి, ప్రతి ఐదేళ్ళకు మళ్ళీ పరీక్షించి ముద్ర వేయించుకోవాలి. పేల్చేవారు శిక్షణ పొంది అనుమతిపత్రం తీసుకోవాలి. అక్కడ ఈ సంప్రదాయం చావలేదు, వందల బృందాలు ఉత్సాహంగా పేలుస్తూనే ఉన్నాయి. బ్రిటన్‌లో తుపాకిమందు దగ్గర ఉంచుకోవడానికే పోలీసుల నుంచి విడిగా ధ్రువపత్రం కావాలి. లండన్‌లో తుపాకీ గొట్టాలను ఎక్కువ మందుతో పరీక్షించి ముద్ర వేయడం 1637 నుంచే ఉంది. నిషేధానికీ వదిలేయడానికీ మధ్య ఇంత చోటు ఉంది. మీరు ఆ చోటుకు రావాలి. అనుమతి ఇచ్చే ముందు గొట్టం లోపలి పరీక్ష పత్రం, మందు ఎక్కడ కొన్నారో రసీదు, బృంద నాయకుడి శిక్షణ వివరం, ఆపే అధికారం అతడిదేనన్న సంఘం హామీ అడగండి. ఇవి లేకుండా సంతకం చేయకండి. వేడుక రోజు మీ మనిషిని పంపండి, అతిథుల వరసలో కూర్చోబెట్టడానికి కాదు, తడి తుడుపు జరుగుతోందో లేదో చూడటానికి.

చివరగా ‘మా దగ్గర ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏమీ కాలేదు’ అనేవారికి. ఏమీ కాలేదన్న మాటకు మీ దగ్గర లెక్క ఉందా? ఒకడి కనుబొమలు కాలాయి, ఒకడి అరచెయ్యి బొబ్బలెక్కింది, ఒక తుపాకీ ఆలస్యంగా పేలింది, ఒకసారి మండే గుడ్డముక్క జనంలో పడింది. ఇవన్నీ బృందం మధ్య నవ్వుకునే కబుర్లుగా మిగిలాయి, ఎక్కడా నమోదు కాలేదు. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ గొట్టం, ఎన్నో పేలుడు, ఎంత మందు, ఏం జరిగింది, ఎవరు చూశారు. ఎవరినీ శిక్షించడానికి దాన్ని వాడబోమని కూడా అందులోనే రాయండి, లేకపోతే ఎవరూ నిజం రాయరు. పొరుగు బృందాలతో ఆ పుస్తకాలు మార్చుకోండి.

వచ్చే వేడుకకు ముందు ప్రతి సంఘం నుంచి నాకు కావలసిన జవాబులు మూడే. మీ గొట్టాన్ని చివరిసారి ఎవరు, ఎప్పుడు పరీక్షించారు? ఒక పేలుడుకూ మరొక పేలుడుకూ మధ్య మీ బృందం కనీసం ఎంతసేపు ఆగుతుంది, ఆ సమయాన్ని ఎవరు లెక్కిస్తారు? ముఖ్య అతిథి ‘మరొక్కటి’ అంటే కాదనే హక్కు మీ బృంద నాయకుడికి రాతలో ఉందా? జవాబులు బహిరంగంగానే, ఈ ఉత్తరం కిందే ఇవ్వండి. సరైన జవాబులు ఇచ్చిన సంఘం వేడుకకు పిలవకపోయినా వస్తాను, తాడుకు బాగా వెనక నిలబడతాను.

ఇట్లు,
మీ పేలుళ్ళ అభిమాని ఒకడు